తలకీ పేరుకీ మధ్య గీత

1983 అక్టోబరు 10, సోమవారం

యాభై ఏళ్లు వచ్చేదాకా డైరీ రాయలేదు. చెప్పుకోవలసింది ఏదైనా ఉంటే పొద్దున పూజలో చెప్పుకునేదాన్ని. ఇప్పుడు అక్కడే చిక్కొచ్చింది. అష్టోత్తరం చదువుతుంటే నామానికో బొమ్మ కళ్ల ముందుకొస్తోంది — గద్ద, కుందేలు, తాళంచెవి. నూట ఎనిమిదిలో ఎక్కడున్నానో మరిచిపోయి ఈ వారంలో రెండుసార్లు మళ్లీ మొదటికొచ్చాను. బొమ్మలన్నీ ఇక్కడ దింపేస్తే పూజ పూజలా ఉంటుందని ఈ పుస్తకం కొన్నాను.

సెప్టెంబరు నుంచి యూనివర్సిటీలో పని. సోమ, బుధ, శుక్ర. లైబ్రరీ బోర్డు మీద కాగితం ఆయనే చూశారు — గీతలు నకలు తీయడానికి చెయ్యి వణకనివాళ్లు కావాలిట. ఈ చాండ్లర్ ఊరు మొత్తానికి అంత నిలకడైన చెయ్యి నీదేనోయ్, పద — అన్నారు. వేళాకోళం అనుకున్నాను. నిజంగానే కారెక్కించారు.

ప్రొఫెసర్‌గారు పెద్దావిడ. ఏం చదివారు అంది. హైస్కూలు. ఇదివరకు నకళ్లు తీశారా అంది. తీశాను — నాన్నగారు ఊరికి కరణం, పొలాల నక్షాలు కిటికీ అద్దానికి ఆనించి నకలు తీసి ఇచ్చేదాన్ని. కిటికీకా! అని నవ్వి, కింద దీపం వెలిగే బల్ల చూపించింది. ఇదిగో మీ కిటికీ, పడుకోబెట్టాం — అంది.


అక్టోబరు 12

ఇరవై ఆరు తలలు. ఒక్కటీ చెడలేదు.


అక్టోబరు 14

ఈ పని ఏమిటో ఇంకా రాయనే లేదు.

నాలుగువందల ఏళ్ల కిందటి మెక్సికో. ఊళ్లో ఇళ్లు ఎన్ని, మనుషులెవరు అని రాయమంటే అక్కడి లేఖకులు అక్షరాలు రాయలేదు. ఇంటికో తల గీశారు. పక్కవాటం ముఖం. తల వెనక చిన్న బొమ్మ — అదే వాడి పేరు. తలకీ బొమ్మకీ మధ్య వెంట్రుకంత సన్నని గీత. ఆ గీత తెగితే పేరు ఎవరిదో తెలియదు. అందుకని దాన్ని ఊపిరి బిగబట్టి గీస్తాను. ఫోటో మీద పల్చటి కాగితం, మనిషికో కార్డు.

వాటిని చదివేది ఎలెయిన్. ప్రొఫెసర్‌గారి దగ్గర డాక్టరేటు చేస్తోంది. ఇరవై ఎనిమిదేళ్లుంటాయేమో, జడ వేసుకుంటుంది. ఆ భాష పేరు నవాట్ల్. నోట్లో పలికీ పలకనట్టు ఆగిపోతుంది చివర.

ఈవేళ నా పక్కన కూర్చుని, ఈ గద్ద తల కిందికుంది చూశారా, ఇతని పేరు దిగే గద్ద — అంది. ఇంకోతనికి తాళంచెవి. ఇదేమిటి అన్నాను. అతన్ని క్రైస్తవంలో కలిపి పీటర్ అని పేరు పెట్టారు, పీటర్ చేతిలో స్వర్గం తాళాలు ఉంటాయి కదా, లేఖకుడు తాళంచెవి వేసేశాడు.

ఎవరో కానీ ఆ లేఖకుడు నాకు నచ్చాడు. పేరుని చూడ్డం తెలిసినవాడు.


అక్టోబరు 16, విజయదశమి

పూజలో సన్నపాళీ పెన్ను పెట్టాను, కుంకుమ బొట్టుతో. ఆయన లెక్కలు కట్టుకునే తన స్లైడ్ రూలు తెచ్చి పక్కన పెట్టారు. ఆయన పనిచేసే ఫ్యాక్టరీలో దాన్ని ముట్టుకునేవాళ్లే లేరట ఇప్పుడు. కనీసం అమ్మవారైనా చూస్తుంది — అన్నారు.

పులిహోర బాగా కుదిరింది.


అక్టోబరు 24

ఈవేళ కొత్త సంగతి. కొందరి తలకి ముందువైపు మొనదేలిన పట్టీ ఉంటుంది. అది పేరు కాదట, హోదా. తేకుత్లి — దొర. అంటే ఒక తలకి పేరు వేరు, పదవి వేరు. రెండూ బొమ్మలే. పట్టీ అయితే తల మీదే ఉంటుంది కాబట్టి తేలిక. కొన్ని పదవులు మాత్రం పేర్లలాగే తల వెనక గీతకి వేలాడతాయిట. అక్కడే మాకు జుట్టు ఊడిపోతుంది — అంది ఎలెయిన్.

ఆడవాళ్లకి చాలామందికి పేరు బొమ్మే లేదు. తల ఒక్కటే. వాటిని ఇంకాస్త శ్రద్ధగా గీస్తున్నాను. ఎందుకో.


నవంబరు 7, సోమవారం

కార్తీకమాసం. దొడ్లో దీపం. ఈ ఊళ్లో ఇప్పటికీ చలి లేదు.

ఎలెయిన్ రోజూ తన కార్లో ఇంటి దగ్గర దింపుతోంది, వద్దన్నా వినదు. ఈవేళ మధ్యాహ్నం మాటల్లో మీవారి పేరేమిటి అంది. చెప్పలేకపోయాను. ఫారాల్లో రాస్తాను, ఆఫీసువాళ్లు ఫోన్లో అడిగితే స్పెల్లింగ్ చెప్తాను, కానీ పేరుగా నోటితో అనడం నా వల్ల కాదు. మాలో భర్త పేరు పలకం అన్నాను. ఆ పిల్ల కళ్లు ఇంతయ్యాయి. ముప్ఫై ఏళ్ల నుంచీనా?

సరేనని ఒక పాడైన కార్డు తీసుకుని తల గీశాను. కళ్లజోడు, కాస్త బట్టతల. వెనక సూర్యుడు. మధ్య గీత.

ఒక్క క్షణంలో — సూర్య! అని అరిచింది. యోగా క్లాసులో విన్న మాటట. ప్రొఫెసర్‌గారు పక్కగదిలోంచి వచ్చి చూసి, ఇదిగో, నాలుగువందల ఏళ్ల తర్వాత ఇంకో లేఖకురాలు — అంది.

ఇంటికి తెచ్చి ఆయనకి చూపించాను. బట్టతల అంత లేదే అన్నారు. జేబులో పెట్టుకున్నారు.


నవంబరు 18, శుక్రవారం

గీయడం ఒక దఫా పూర్తి. ఎనిమిదివందల పైన కార్డులు. వీటిని పేర్లవారీగా సర్ది సొరుగుల్లో పెట్టండి అని ఎలెయిన్ ఒక సమావేశానికి వెళ్లిపోయింది.

ఒకే బొమ్మ ఉన్నవాళ్లతో ఇబ్బంది లేదు. రెండేసి బొమ్మలున్నవాళ్లున్నారు. ఒక పేటలో అయితే పదకొండుమందికి ఒకే బొమ్మ — గుండ్రటి అద్దం, దాన్ని చుట్టుకుని పాము. ఆ పక్కన ఒక్కొక్కడికి వేరే బొమ్మ, ఒకడికి పువ్వు, ఒకడికి కుందేలు, ఒకడికి కుక్క. అందరికీ ఉన్నది ఇంటిపేరు, ఒక్కడికే ఉన్నది సొంతపేరు. మనకి తెలియనిదా. ఇంటిపేరు ముందు, దాని కింద పేర్లు — అద్దంపాము వారి సొరుగు ఒకటి తయారైంది. చూడ్డానికి పెళ్లిపత్రికలా ఉంది.


నవంబరు 30

ఎలెయిన్ సొరుగు తెరిచి అలా నిలబడిపోయింది. పదకొండు కార్డులూ బల్ల మీద పరిచింది. వీళ్లంతా ఒక కుటుంబం... అని తనలో తనే అంది. తర్వాత లేచి నన్ను గట్టిగా పట్టుకుంది. నాకు ఊపిరాడలేదు.

రెండేళ్లుగా నాలుగో అధ్యాయానికి దారి దొరకడం లేదట. దొరికిందట. ఆ పేటని ఒకే వంశం ఏలింది అని రాస్తుంది. మీ వల్లే, మీ వల్లే.

నేనేం చేశాను. సర్దాను.


డిసెంబరు 19

సెలవులు. ఎదురింటావిడ బుట్టెడు నారింజలు ఇచ్చింది, వాళ్ల దొడ్లోవే. ఊరగాయ పడుతుందేమోనని ఒక సీసా పెట్టి చూశాను. పడలేదు. ఆయన మాత్రం బాగుందనే తిన్నారు రెండు రోజులు.

హాయిగా ఉంది. రాయడానికి ఇంకేం లేదు, అదే బాగుంది.


1984 జనవరి 13

మళ్లీ పనిలోకి. ఎలెయిన్ నాలుగో అధ్యాయం డెబ్భై పేజీలయిందట. ఇంకో రాష్ట్రంలో కాలేజీ ఉద్యోగం ఇస్తామన్నారుట, థీసిస్ సమయానికి పూర్తయితేనే.


జనవరి 27, శుక్రవారం

అన్నయ్య దగ్గర్నించి ఎయిరోగ్రామ్.

"చి.ల.సౌ. కామాక్షికి దీవెనలు. గవర్నమెంటువారు కరణాలనీ మునసబులనీ తీసేశారు. రికార్డులు అప్పజెప్పి రసీదు పుచ్చుకున్నాను. నాన్నగారి నించి నాకు, నా నించి ఇక ఎవరికీ లేదు. ఊళ్లో మాత్రం పొద్దున లేస్తే కరణంగారూ అనే పిలుస్తున్నారు. పలకాలో వద్దో తెలియక మీ వదిన వంక చూస్తున్నాను. పలకండి, చెవుడొచ్చిందనుకుంటారు అంటోంది."

నవ్వొచ్చింది. తర్వాత బాధేసింది. ఆయనకి చదివి వినిపించాను.


జనవరి 28

ఉత్తరం మాటే తలలో తిరుగుతోంది.

ఒకటో తరగతిలో చేర్చినప్పుడు మాస్టారు ఇంటిపేరు అడిగితే కరణం అన్నాను. మా ఇల్లు కరణంగారిల్లు, మా నూతిని కరణంగారి నుయ్యి అనేవారు. అదే ఇంటిపేరు అనుకున్నాను. మాస్టారు నవ్వి, అది మీ నాన్నగారి ఉద్యోగమమ్మా, రేపు పోతే ఏం చేస్తావ్ అన్నారు. నాన్నగారు వచ్చి అసలు ఇంటిపేరు రాయించారు.

అయిదేళ్ల పిల్లప్పుడు. సరే.

అద్దంపాము... అది ఇంటిపేరు అని నాకెవరు చెప్పారు?


జనవరి 30, సోమవారం

పదకొండు కార్డులూ బయటికి తీశాను. వాటి ఫోటోలూ తీశాను.

ఆ పేట లెక్కలు రెండున్నాయి. కొన్నేళ్ల తేడాతో రెండుసార్లు రాశారు. మొదటి దాంట్లో ఒక ముసలాయన — పువ్వు పేరు, అద్దంపాము. పక్కింట్లో ఒకడు, ఉత్త కుందేలు. ఇంకేం లేదు.

రెండో దాంట్లో పువ్వాయన కళ్లు మూసి ఉన్నాయి. చనిపోయినవాళ్లని అలా గీస్తారు. పక్కింటి కుందేలు వెనక — కుందేలూ ఉంది, అద్దంపామూ ఉంది. పువ్వాయన కొడుకు అదే ఇంట్లో ఉన్నాడు. అతనికి కుక్క బొమ్మ ఒక్కటే.

ఇంటిపేరైతే కొడుక్కి వెళ్లాలి. పక్కింటికి వెళ్లింది.

అది పదవి. నేను ఇంటిపేరు చేసేశాను. నవంబరులో పదకొండుమందికీ అద్దంపాము ఉందని రాశాను, కుక్కకి లేనే లేదు, అతన్ని ఆ సొరుగులో పెట్టినదాన్ని కూడా నేనే — కొడుకు కదా, గీత చెరిగిపోయి ఉంటుందిలే అని.

కార్డులన్నీ మళ్లీ ఆ సొరుగులోనే పెట్టేశాను.


ఫిబ్రవరి 1

ఆయనతో చెప్పాను. అంతా విన్నారు. నువ్వు గీసేదానివి, చదివేవాళ్లు వాళ్లు. నీకెందుకోయ్ — అన్నారు. కాసేపయ్యాక మళ్లీ వచ్చి, చెప్పకుండా ఉండగలవా అన్నారు. ఉండలేను అన్నాను. మరి నన్నెందుకడగడం — అని టీవీ పెట్టుకున్నారు.


ఫిబ్రవరి 3

చెప్పలేదు. ఆ పిల్ల కొత్త ఊళ్లో అద్దెకిల్లు ఫోటో చూపించింది. కిటికీలు పెద్దవి.


ఫిబ్రవరి 6

చెప్పలేదు.


ఫిబ్రవరి 8

చెప్పలేదు. రోజూ చేసిన పని రాసే లాగ్ పుస్తకంలో ఇంగ్లీషులో రాశాను — పదకొండు కార్డులు సరిచూశాను అని. పెద్ద ధైర్యం.


ఫిబ్రవరి 10, శుక్రవారం

చెప్పాను. కార్లో, మా ఇంటి ముందు, ఇంజను ఆపాక.

ముసలాయన, కళ్లు, కుందేలు, కొడుకు. మా అన్నయ్య సంగతి కూడా చెప్పాను. మాలో ఇంటిపేరు ముందుంటుంది, అందుకని అలా సర్దాను, తప్పు నాది అన్నాను.

ఎలెయిన్ స్టీరింగు మీంచి చేతులు తియ్యలేదు. 

— నేనూ చూడలేదు. కార్డులు చూశాను, ఫోటోలు చూడలేదు. అది నా పని.

తర్వాత —

— సోమవారం సబ్మిట్ చెయ్యాలి. ఆ తేదీ దాటితే ఉద్యోగం పోతుంది. చేసేస్తాను. చేశాక ప్రొఫెసర్‌కి నేనే చెప్తాను. అప్పటిదాకా మీరు...

వాక్యం పూర్తి చెయ్యలేదు. నేను తల ఊపాను. ఊపకుండా ఉండవలసిందేమో. దిగేటప్పుడు థాంక్యూ అంది, నా వైపు చూడకుండా.


ఫిబ్రవరి 13

సబ్మిట్ చేసింది. ఒక కాపీ నా బల్ల మీద పెట్టి వెళ్లింది. నాలుగో అధ్యాయంలో నా పదకొండు గీతలూ అచ్చయ్యాయి. కింద 'ఒకే వంశం' అని ఉంది. గీతలు శుభ్రంగా వచ్చాయి.


ఫిబ్రవరి 19, ఆదివారం

మధ్యాహ్నం ఎలెయిన్ ఇంటికొచ్చింది, చేతిలో కార్డుల పెట్టె. గురువారం ప్రొఫెసర్‌గారికి చెప్పేసిందట. ఏమన్నారు అన్నాను. తిట్టలేదు, అదే భయంగా ఉంది — అంది.

ఆయన ఉప్మా చేశారు. ఎప్పుడూ చెయ్యనివారు. ఉండలు కట్టింది. బాగుందా అంటే ఎలెయిన్ మర్యాదకి ఇంకొంచెం పెట్టించుకుంది, పాపం. నేను ఇన్నేళ్లుగా ఈ మర్యాదే చేస్తున్నానమ్మా ఆవిడ నారింజ ఊరగాయతో — అన్నారు. చాలా రోజులకి ముగ్గురం నవ్వాం.

నేల మీద తివాచీ పరిచి సొరుగులన్నీ మళ్లీ సర్దాం. ఈసారి సొంతపేరు ముందు. రెండో బొమ్మ వేరే వరసలో, పేరో పదవో అని రాయకుండా. కుక్క తన వరసకి తను వెళ్లింది. చీకటి పడకుండానే అయిపోయింది.

పని బాగా చేశామన్న తృప్తి. ఆ తృప్తిలో నవంబరు నాటికి ఇప్పటికీ తేడా లేదు, అదే వింత.


ఫిబ్రవరి 22

ప్రొఫెసర్‌గారు కాఫీకి పిలిచింది. చాలా సంతోషంగా ఉంది ఆవిడ.

— ఎలెయిన్ ఎంత గట్టి పిల్లో చూశారా. సబ్మిట్ చేశాక కూడా ఊరుకోలేదు. మళ్లీ ఫోటోలన్నీ ముందేసుకుని తన తప్పు తనే పట్టుకుంది. వెంటనే నా దగ్గరికొచ్చి చెప్పింది. ఇలాంటివాళ్లు కావాలి.

కప్పు కింద పెట్టాను. పెద్దగా చప్పుడైంది.

ఆవిడ ఇంకా చెప్పింది — ఇది అంత తేలిగ్గా తేలదు, ఆ తర్వాతి రోజుల్లో ఇలాంటి పదవులు కొన్ని నిజంగానే ఇంటిపేర్లయి నిలిచిపోయాయి. మొదటి అర్థం పూర్తిగా తప్పనీ అనలేం. థీసిస్ మీద జరిగే మౌఖిక పరీక్షలో ఎలెయిన్ రెండు వైపులా చెప్పుకోవాలి. మీ చెయ్యి మాత్రం ఎక్కడా తప్పు చెయ్యలేదు.

థాంక్యూ అన్నాను. ఆవిడ నన్ను ఏమీ అడగలేదు. అడిగితే చెప్పేదాన్ని. అడగలేదు కదా.


ఫిబ్రవరి 24

అడగకపోతే చెప్పకపోవడం అబద్ధమా. ఆయనని అడిగాను. అబద్ధం కాదు, కానీ దాని బంధువు — అన్నారు. ఈయన ఒక్కోసారి ఇలా మాట్లాడతారు.

నాకు పేరు రావాలని లేదు. దేవుడి మీద ప్రమాణంగా లేదు. పట్టుకున్నది నేను అని కాదు నా బాధ. శుక్రవారం తెలిసి సోమవారం ఇచ్చింది, అది బాధ. ఇవ్వకపోతే ఆ పిల్లకి ఉద్యోగం లేదు, అదీ బాధే. రెంటికీ నేను తల ఊపాను.


మార్చి 2, శుక్రవారం

కార్లో కబుర్లు తగ్గాయి. రేడియో పెడుతోంది.

నేనే మాట కలిపాను. కొత్త ఊళ్లో మంచు పడుతుందా అన్నాను. పడుతుందిట. బూట్లు కొనుక్కోవాలి.


మార్చి 5

ప్రొఫెసర్‌గారు కార్డులు, ఫోటోలు, అందరి నోటుపుస్తకాలూ ఒక పెట్టెలో పెట్టి లైబ్రరీలో భద్రం చేయిస్తోంది. రేపు ఎవరైనా వచ్చి, ఈ కార్డులు ఎవరు ఎప్పుడు ఎలా సర్దారు అంటే తెలియాలట. పద్ధతి అంటే అదీ అంది. నిజమే, నాన్నగారు కూడా చెల్లని కాగితం చింపనిచ్చేవారు కాదు.

నా లాగ్ పుస్తకం ఇచ్చేశాను. ఇంగ్లీషుది. ఇంకేమైనా రాసుకున్నారా అంది.

పని సంగతులు అందులోనే ఉన్నాయండి — అన్నాను.

ఈసారి అడిగింది, ఈ డైరీ మాట దాటేశాను. అడిగితే చెప్తానన్నాను కదా ఇక్కడే, పన్నెండు రోజుల కిందట.


మార్చి 7, బుధవారం

ఈవేళ ఎలెయిన్ రేడియో పెట్టలేదు. మా ఇంటి ముందు ఆపి ఇంజను కట్టేసింది.

— శుక్రవారం నా పరీక్ష. బయటివాళ్లు కూడా కూర్చోవచ్చు. మీరు రావాలి.

— నేనొచ్చి ఏం చేస్తానమ్మా.

— కూర్చోండి. మిమ్మల్ని చూస్తూ చెప్పాలి.

— ఏం చెప్తావు?

— తెలియదు. తేదీ చెప్పాలనుకుంటున్నాను. మీరు నాకు చెప్పిన తేదీ. అక్కడ నిలబడ్డాక నోరు వస్తుందో రాదో. చెప్తే వాళ్లు ఏం చేస్తారో. ఆ కాలేజీవాళ్లకి తెలిస్తే... మీరైతే ఏం చేస్తారు?

నేనైతే ఏం చేశానో సోమవారం చూసింది ప్రొఫెసర్‌గారు, ఆవిడకి తెలియదంతే. ఆ మాట చెప్పాను ఎలెయిన్‌కి. నన్నూ అడిగారు, నేనూ దాటేశాను అన్నాను. ఆ పిల్ల నా వైపు తిరిగింది. నెల రోజుల తర్వాత పూర్తిగా చూసింది నన్ను.

— అయితే ఇద్దరం.

— ఇద్దరం.

లోపలికొచ్చి అన్నం వండాను. ఆయనకి శుక్రవారం సెలవు పెట్టమని చెప్పాను, దింపడానికి. నేనూ కూర్చుంటా వెనక, అర్థం కాకపోయినా ముఖం గంభీరంగా పెట్టగలను — అన్నారు. నీలం అంచు చీర తీసి పెట్టుకున్నాను.

ఎలెయిన్ చెప్తుందో చెప్పదో. చెప్తే నేను లేచి అవునండి, ఫిబ్రవరి పదో తేదీ అంటాను. ఆ మాత్రం గొంతు వస్తుంది. చెప్పకపోతే... అది ఆ పిల్ల నోరు. నేను తెరవకూడదు.

ఈ పుస్తకం ఎవరి చేతికి వచ్చినా ఒక్క మనవి. చింపకండి, తగలెయ్యకండి. తేదీలు ఉన్నవి ఉన్నట్టు రాశాను, అవి ఎక్కడో ఒకచోట ఉండాలి. కానీ ఎవరికీ చూపించకండి. తెలుగు వచ్చినవాళ్లకీ, తెలుగు రాకపోయినా ఎవరిచేతైనా చదివించుకునేవాళ్లకీ, ప్రొఫెసర్‌గారి పెట్టెకీ. నేను ఉన్నా, లేకపోయినా. ఆ పిల్ల తనంతట తను చెప్పేదాకా దాచి ఉంచండి. అంతే.